డ్రిప్పు పైపుల్లో ఎన్ని లీటర్ల నీళ్ళు పడతాయో లెక్క ఎట్లా చేయాలి? చివరి చెట్లకు ఎరువు అందట్లేదు

తాడిపత్రి_చీనీతోట రాసినది (రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. తాడిపత్రి పక్కన నాకు 8 ఎకరాల చీనీ తోట ఉంది, 6 మీటర్లకు 6 మీటర్లు నాటినాము, మొత్తం 900 చెట్లు, 4 వాల్వులు. యూరియా, పొటాష్ అంతా బోరు దగ్గరే వెంచురీ (ఎరువు నీళ్ళను పైపులోకి లాగే పరికరం) పెట్టి డ్రిప్పులోనే పంపిస్తా. మూడేండ్ల నుంచి చూస్తాండా, ప్రతి వాల్వు కింద మొదటి వరుసలు నల్లగా నిగనిగలాడతాయి, చివరి వరుసల్లో ఆకు పసుపు తిరుగుతాది. ఎరువు 20 నిమిషాలు వదిలి, తర్వాత 10 నిమిషాలు ఉత్త నీళ్ళు పెట్టి వాల్వు మారుస్తా, డ్రిప్పు బిగించిన వాళ్ళు అట్లే చెప్పినారు.

నిన్న మా బావ ఒకాయన అన్నాడు, పైపులోనే వెయ్యి లీటర్ల నీళ్ళు నిలబడి ఉంటాయి, ఆ నీళ్ళు పోతే గాని వెనకాల ఎరువు రాదు, ఫస్ట్ అది లెక్క చూసుకో అని. సరే అని 75 ఎంఎం పైపు, 320 మీటర్ల మెయిన్ లైన్ లెక్క కట్టినా. నాకు 5,655 లీటర్లు వచ్చింది, మా పిల్లోడికి 1,414 వచ్చింది. ఇద్దరం ఒకే సూత్రం వేసినాము. ఏది కరెక్టు?

---

గుంటూరు_రిటైర్డ్_ఏఈ రాసినది (రాత్రి 9:48)

రెండూ కాదండి, కానీ మీ అబ్బాయిది దగ్గరగా ఉంది. మీరు వ్యాసార్ధం వేయాల్సిన చోట పూర్తి వ్యాసం వేశారు, అందుకే సరిగ్గా నాలుగు రెట్లు ఎక్కువొచ్చింది. 75 అనేది పైపు ఇటు అంచు నుంచి అటు అంచుకి కొలత, అందులో సగం 37.5 వేసి వర్గం చేయాలి. ఈ గోలే వద్దనుకుంటే ఒక్క సంఖ్య గుర్తుపెట్టుకోండి, 0.000785. లోపలి వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, ఈ సంఖ్యతో గుణిస్తే మీటరు పైపులో ఎన్ని లీటర్లు పడతాయో వస్తుంది.

ఇక మీ అబ్బాయి దగ్గర తప్పు ఏంటంటే, మన పొలాల్లో వేసే పీవీసీ పైపు మీద రాసే 63, 75, 90, 110 అన్నీ బయటి కొలతలు. నీళ్ళు ఉండేది లోపల కదా, గోడ మందం రెండు వైపులా తీసేయాలి. ఆ మందం అన్నిటికీ ఒకటే కాదు, 4 కేజీల పీడనం పైపుకి ఒకలా, 6 కేజీల పీడనం పైపుకి ఒకలా ఉంటుంది, పీడనం తట్టుకునే కొద్దీ గోడ మందమవుతుంది, బయటి కొలత మాత్రం మారదు. మీ దగ్గర మిగిలిన ముక్క ఏదైనా ఉంటే కొలిచి చెప్పండి. పనిలో పనిగా వాల్వు నుంచి వెళ్ళే సబ్ మెయిన్, దాని నుంచి చెట్ల వరుసల్లోకి వెళ్ళే సన్న లేటరల్ పైపుల పొడవులు కూడా రాయండి, ఒక వాల్వు కింద ఎన్ని చెట్లు, చెట్టుకి ఎన్ని డ్రిప్పర్లు అన్నది కూడా.

---

నల్గొండ_బత్తాయి రాసినది (రాత్రి 10:05)

అన్నా మీరు చీనీ అంటరు మేం బత్తాయి అంటం, బాధ మాత్రం ఒక్కటే. మా దగ్గర పైపులు బిగించే మేస్త్రి ఒకాయన కాల్కులేటర్ లేకుండ చెప్తడు, లోపలి అంగుళాలను అంగుళాలతోటి గుణించు, సగం చెయ్, అన్నే లీటర్లు మీటరుకు అని. అంగుళం పైపు అయితే అర లీటరు, రెండంగుళాలైతే రెండు లీటర్లు, మూడైతే నాలుగున్నర. నేను సూత్రం వేసి చూసిన, నూటికి ఒకటి కన్న కొంచెం ఎక్కువ తేడా, అంతే. పొలంల నిలబడి నోటి లెక్క చేసుకోవాలంటే ఇంతకన్న మంచిది లేదు.

---

తాడిపత్రి_చీనీతోట రాసినది (మరుసటి రోజు, ఉదయం 7:30)

పొద్దున్నే మోటరు కొట్టం వెనకాల పడి ఉన్న ముక్కలన్నీ తీసి కొలిచినా. మా పిల్లోని దగ్గర వెర్నియర్ ఉంది. 75 పైపు గోడ రెండున్నర మిల్లీమీటర్లు, అంటే లోపల 70. 63 పైపు గోడ 2, లోపల 59.

16 లేటరల్ మాత్రం వెర్నియర్‌కు సరిగా దొరకలేదు, మెత్తగా నొక్కుకుపోతాది, ఒకసారి 13.5 చూపిస్తాది ఇంకోసారి 14. అందుకని డ్రిప్పర్లు గుచ్చని కొత్త లేటరల్ చుట్ట నుంచి సరిగ్గా 10 మీటర్లు కోసి, రెండు కొసలూ పైకి పట్టుకొని గరాటుతో నీళ్ళు పోసినాము. మధ్యలో గాలి బుడగలు నిలబడిపోయి మొదటిసారి తక్కువ చూపించింది, పైపును ఒక కొస నుంచి మెల్లగా ఎత్తుతూ పోతే ఆ గాలంతా బుడబుడమని వచ్చేసింది. నిండినాక పాలు కొలిచే లీటరు పాత్రలోకి వంచితే ఒక లీటరు నిండి ఇంకో అర లీటరు అయింది. అంటే మీటరుకు 150 మిల్లీలీటర్లు.

ఒక వాల్వు కింద: మెయిన్ 75 ఎంఎం 320 మీటర్లు. సబ్ మెయిన్ 63 ఎంఎం 120 మీటర్లు, దాని మీద 20 లేటరల్స్. ఒక్కో లేటరల్ 72 మీటర్లు, 12 చెట్లు. చెట్టుకు 8 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు.

---

గుంటూరు_రిటైర్డ్_ఏఈ రాసినది (ఉదయం 9:15)

చాలా బాగా కొలిచారండి. మెత్తటి పైపులకి నీళ్ళు పోసి చూడటమే అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. మీకు వచ్చిన 150 మిల్లీలీటర్లని వెనక్కి లెక్కేస్తే లోపలి వ్యాసం 13.8 వస్తుంది, సరిపోయింది.

ఇప్పుడు మెయిన్ చూద్దాం. 70 ని 70 తో గుణిస్తే 4,900, దాన్ని 0.000785 తో గుణిస్తే మీటరుకి 3.85 లీటర్లు. 320 మీటర్లకి 1,232 లీటర్లు. బయటి కొలత 75 వేసినందుకు మీ అబ్బాయికి నూటికి 15 దాకా ఎక్కువ వచ్చింది, ఇది చిన్న తేడా కాదు. సబ్ మెయిన్ మీటరుకి 2.73 చొప్పున 120 మీటర్లకి 328 లీటర్లు. లేటరల్ ఒకటి 10.8 లీటర్లు, ఇరవై కలిపి 216.

ప్రవాహం: 240 చెట్లు, చెట్టుకి గంటకి 32 లీటర్లు, మొత్తం గంటకి 7,680, అంటే నిమిషానికి 128 లీటర్లు. మెయిన్ దాటడానికి 1,232 ని 128 తో భాగిస్తే 9.6 నిమిషాలు, సబ్ మెయిన్ 2.6, లేటరల్స్ 1.7. మొత్తం 14 నిమిషాలు అనుకోండి.

---

తాడిపత్రి_చీనీతోట రాసినది (ఉదయం 9:40)

సార్ చాలా థ్యాంక్స్. కానీ ఒకటి అర్థం కాలేదు. 14 నిమిషాలకు చివరి చెట్టుకు అందితే, నేను ఆపేది 30 నిమిషాలకు కదా, అంటే 20 నిమిషాల ఎరువులో 16 నిమిషాలది దానికి పోయినట్టే. నూటికి 80 వంతులు అందిన చెట్టు అంత పసుపు తిరగదు సార్. చివరి చెట్ల ఆకు చూస్తే సగం కూడా అందినట్టు లేదు.

---

లెక్కల_టీచర్_ఒంగోలు రాసినది (ఉదయం 11:20)

మీ అనుమానం కరెక్టే అండి. ఏఈ గారు మెయిన్ వరకు చేసిన లెక్క అక్షరాలా నిజం, ఎందుకంటే మెయిన్‌లో మధ్యలో ఎక్కడా నీళ్ళు బయటికి పోవు, మొదట్లో ఎంత వేగమో చివర్లోనూ అంతే వేగం. సబ్ మెయిన్‌లోనూ లేటరల్‌లోనూ అలా కాదు. కాలువ శివారు భూములు చూశారు కదా, ప్రతి తూము దగ్గరా కొన్ని నీళ్ళు తగ్గుతూ తగ్గుతూ చివరికి వచ్చేసరికి కాలువలో నీళ్ళు నడిచినట్టే కనిపించవు. లేటరల్ కూడా ఒక చిన్న కాలువే, కానీ పైపు లావు మొదటి నుంచి చివరి దాకా ఒకటే కాబట్టి నీళ్ళు తగ్గేకొద్దీ వేగం పడిపోతుంది.

ఒక లేటరల్ తీసుకుందాం. చెట్టుకీ చెట్టుకీ మధ్య 6 మీటర్లు, అందులో 0.9 లీటర్ల నీళ్ళు. మొదటి 6 మీటర్లలో 12 చెట్ల నీళ్ళు పరిగెత్తుతాయి కాబట్టి 9 సెకన్లు కూడా పట్టదు. చివరి 6 మీటర్లలో ఒక్క చెట్టు నీళ్ళే, గంటకి 32 లీటర్లు, అంటే ఆ 0.9 లీటర్లు కదలడానికి 1 నిమిషం 41 సెకన్లు. దాని ముందు ముక్కలో రెండు చెట్ల నీళ్ళు కాబట్టి అందులో సగం, దాని ముందు మూడో వంతు, ఇలా నాలుగో వంతు, ఐదో వంతు, పన్నెండో వంతు దాకా కలుపుకుంటూ పోవాలి. ఒకటి, అర, మూడో వంతు అలా పన్నెండు దాకా కూడితే 3.1 వస్తుంది. 1.69 నిమిషాలని 3.1 తో గుణిస్తే 5.2 నిమిషాలు.

ఏఈ గారికి లేటరల్స్‌కి వచ్చిన 1.7 చూడండి. అది చివరి 6 మీటర్లకి మాత్రమే పట్టే టైము! మొత్తం లీటర్లని మొత్తం ప్రవాహంతో భాగిస్తే ఎప్పుడైనా అంతే వస్తుంది, ఎన్ని చెట్లున్నా సరే, పైనా కిందా చెట్ల సంఖ్య కొట్టేసుకుపోతుంది. నాకు లెక్కల్లో బాగా ఇష్టమైన విషయాల్లో ఇదొకటి, మా పిల్లలకి ఈసారి ఇదే చెప్తాను.

సబ్ మెయిన్ కూడా అంతే. 6 మీటర్లలో 16.4 లీటర్లు, ఒక లేటరల్ నిమిషానికి తాగేది 6.4, అంటే చివరి ముక్కకి 2.56 నిమిషాలు. ఇరవై దాకా కూడితే 3.6. గుణిస్తే 9.2 నిమిషాలు.

మెయిన్ 9.6, సబ్ మెయిన్ 9.2, లేటరల్ 5.2. చివరి లేటరల్ చివరి చెట్టుకి ఎరువు మొదటి చుక్క అందేది 24 వ నిమిషంలో. మీరు ఆపేది 30 కి. అంటే ఆ చెట్టుకి ఎరువు నీళ్ళు వచ్చింది 6 నిమిషాలే, మొదటి చెట్టుకి మాత్రం పూర్తిగా 20 నిమిషాలు. నూటికి 30 వంతులు. మీరు ఆకు చూసి చెప్పింది దీనికి దగ్గరగానే ఉంది.

---

గుంటూరు_రిటైర్డ్_ఏఈ రాసినది (మధ్యాహ్నం 12:05)

మాస్టారూ, ఒప్పుకుంటున్నానండి, మీరు చెప్పిందే సరైనది. సర్వీసంతా మెయిన్ లైన్ల మీదే పని చేశాను, అక్కడ ఈ ప్రశ్నే రాదు, అదే అలవాటు లేటరల్ మీద కూడా వాడేశాను. తాడిపత్రి గారు పైన నా 14 నిమిషాల మాట పట్టించుకోవద్దు, 24 ఖాయం చేసుకోండి. పైగా ఎరువు నీళ్ళు, మంచి నీళ్ళు కత్తితో కోసినట్టు విడిగా నడవవు, కలిసే చోట కొంచెం దూరం పలచబడుతూ పోతాయి, అందుకని ఎరువు ఆపాక మంచి నీళ్ళు 24 కాదు, 30 నిమిషాలు వదలండి.

---

నల్గొండ_బత్తాయి రాసినది (మధ్యాహ్నం 1:30)

ఒక్క డౌటు. ఆపినప్పుడు పైపుల మిగిలిన ఎరువు యాడికి పోతది? రేపు మల్ల మోటరు ఏస్తే అదే ముందుకు జరిగి చివరి చెట్లకే పడాలె కదా, మరి అవి ఎట్ల పచ్చవడ్డయి?

---

తాడిపత్రి_చీనీతోట రాసినది (మధ్యాహ్నం 2:10)

మంచి మాట అడిగినావు అన్నా. నా పొలంలో చివరి వైపే మెరక, వాల్వు వైపు పల్లం. మోటరు ఆపినాక చూస్తే మొదటి వరుసల డ్రిప్పర్లు ఇంకా చాలాసేపు కారతానే ఉంటాయి, మెరక వైపు ఆపిన నిమిషానికే ఆగిపోతాయి. ఇప్పుడు అర్థమవుతాంది, పైపులో మిగిలిన ఎరువు నీళ్ళన్నీ వెనక్కి జారి మళ్ళీ మొదటి చెట్లకే పోతాండాయి. వాటికి రెండుసార్లు, వీటికి పావు వంతు. మూడేండ్లు ఇట్లే జరిగిందని తలుచుకుంటే బాధగా ఉంది, ఆ చివరి వరుసలు మా నాయన నాటినవి.

---

గుంటూరు_రిటైర్డ్_ఏఈ రాసినది (మధ్యాహ్నం 2:45)

అలా ఖాళీ అయ్యాక మళ్ళీ మోటారు వేసినప్పుడు ముందు పైపులు నిండాలి కదండి, ఆ టైములో వెంచురీ తెరిస్తే పల్లం వైపే ఎరువంతా పోతుంది. అందుకని వేయగానే ఎరువు తెరవొద్దు. మెరక చివరి డ్రిప్పర్ నిండుగా కారుతుందని చూసుకున్నాకే తెరవండి. పైపులో ఎరువు నిలబడితే పాకుడు కూడా పడుతుంది, డ్రిప్పర్లు మూసుకుపోవడానికి అదీ ఒక కారణం.

---

బోరు_మోటరు_పని రాసినది (సాయంత్రం 5:20)

ఈ లెక్క మా పనిలో ప్రాణం మీదకొచ్చే లెక్క అన్నా, అందుకే రాస్తున్నా. బోర్లోంచి మోటారు పీకేటప్పుడు అడుగున ఎన్‌ఆర్‌వీ (నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే వాల్వు) మంచిగా ఉంటే మోటారు నుంచి పైదాకా ఉండే కాలమ్ పైపు నిండా నీళ్ళు అలాగే నిలబడతాయి. 600 అడుగులు అంటే 183 మీటర్లు, హెచ్‌డీపీఈ 50 పైపు గోడ 4.6 అనుకుంటే లోపల 40.8, మీటరుకి 1.3 లీటర్లు. మొత్తం 239 లీటర్లు, అంటే 239 కిలోలు, మోటారు, పైపు, కేబుల్, తాడు బరువు కాకుండా. నీటి మట్టం కింద మునిగి ఉన్న పైపులో నీళ్ళ బరువు చేతికి తెలీదు, మట్టం పైన ఉన్నదే లాగాలి, కానీ పైకి వస్తున్నకొద్దీ మునిగిన పైపు కూడా బయటకొస్తుంది కాబట్టి మొదట్లో తేలిగ్గా ఉంది కదా అని మనుషుల్ని తగ్గించొద్దు.

ఇదే లెక్కతో ఎన్‌ఆర్‌వీ పోయిందో లేదో కూడా తెలుస్తుంది. మంచిగా ఉంటే స్విచ్ వేసిన రెండు మూడు సెకన్లలో నీళ్ళు పడతాయి. రెండు నిమిషాలు పైనే పట్టి, అప్పుడు గాలి కొట్టి నీళ్ళు వచ్చాయంటే కాలమ్ రోజూ ఖాళీ అయిపోతుందన్నమాట.

---

సూరత్_నుంచి_తెలుగోడు రాసినది (సాయంత్రం 6:00)

ఇదే లెక్క ఇంట్లో గీజరుకి కూడా పనికొస్తుందా? గీజరు పైన టెర్రస్ మీద ఉంది, బాత్రూం ట్యాప్ దాకా 18 మీటర్ల సీపీవీసీ (వేడి నీళ్ళ ప్లాస్టిక్) పైపు. వేడి నీళ్ళు రావడానికి బకెట్‌లో పావు వంతు చన్నీళ్ళు పోతాయి, ముప్పావు పైపు వేయిస్తే తొందరగా వస్తాయని ప్లంబరు అంటున్నాడు.

---

గుంటూరు_రిటైర్డ్_ఏఈ రాసినది (సాయంత్రం 6:25)

అదే ట్యాప్, అదే ధార అయితే ఆలస్యంగా వస్తాయండి. అర అంగుళం సీపీవీసీ లోపల దాదాపు 12.4 మిల్లీమీటర్లే, 18 మీటర్లకి 2.2 లీటర్లు. ముప్పావు అంగుళం లోపల 18 దాకా ఉంటుంది, 4.6 లీటర్లు. అంటే వేడి నీళ్ళ కంటే ముందు రెండింతలు చన్నీళ్ళు పోవాలి. పావు బకెట్ పోతోందంటే పైపులో ఉన్న నీళ్ళతో పాటు చల్లటి పైపుని వేడి చేయడానికి కూడా కొన్ని పోతున్నాయి. పైపుకి తొడుగు వేయించండి, వీలైతే గీజరుని బాత్రూంకి దగ్గరగా దించండి.

---

లెక్కల_టీచర్_ఒంగోలు రాసినది (రాత్రి 8:15)

తాడిపత్రి గారూ, మీరు నిజంగా కొలిచి చూస్తే నాకు చాలా సంతోషం. టీడీఎస్ పెన్ను (నీళ్ళలో కరిగిన లవణాలు ఎన్నో అంకెలో చూపించేది) ఉంటే చివరి డ్రిప్పర్ కింద గ్లాసు పెట్టి నిమిషానికోసారి చూడండి. కానీ యూరియాతో చూడొద్దు, యూరియా నీళ్ళలో కరిగినా కరెంటుని మోయదు, పెన్నులో అంకె కదలదు, ఎరువు రాలేదనుకుంటారు. తెల్ల పొటాష్ కరిగించి పంపండి, అది వచ్చిన క్షణంలోనే అంకె పైకి లేస్తుంది.

---

తాడిపత్రి_చీనీతోట రాసినది (మూడు రోజుల తర్వాత, మధ్యాహ్నం 12:40)

ఈ రోజు పొద్దున చేసినాము. ఒకటో వాల్వు. అరగంట ఉత్త నీళ్ళు పెట్టి, మెరక చివర డ్రిప్పర్ బాగా కారినాక వెంచురీ తెరిచినా. మా పిల్లోడు మొదటి చెట్టు దగ్గర, నేను చివరి చెట్టు దగ్గర, ఫోన్ లైనులో పెట్టుకొని ఒకరికొకరం చెప్పుకుంటా ఉన్నాము. మా బోరు నీళ్ళు మామూలుగా 780 చూపిస్తాయి. 10 వ నిమిషంలో వాడు అరిచినాడు, నాయనా 1,400 అయింది అని. నా దగ్గర 780 కదల్లేదు. 14 దాటింది, 20 దాటింది, 780. చేతిలో గ్లాసు వంచడం, మళ్ళీ పట్టడం. 25 కు 790. 27 కు 860, 29 కు 1,100, 32 కు 1,380. మాస్టారు 24 అన్నారు, మూడు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది, అంతే.

---

లెక్కల_టీచర్_ఒంగోలు రాసినది (మధ్యాహ్నం 1:05)

నాకు ఇక్కడ కూర్చుని కళ్ళు చెమర్చాయండి. ఆ మూడు నిమిషాలు మెరక వల్ల అయ్యుండొచ్చు, అక్కడ ప్రెషర్ తక్కువ కాబట్టి 8 లీటర్ల డ్రిప్పర్ నిజంగా 8 ఇవ్వదు, నీళ్ళు ఇంకా నిదానిస్తాయి. చివరి డ్రిప్పర్ల కింద డబ్బా పెట్టి గంటలో ఎన్ని లీటర్లు పడుతున్నాయో ఒకసారి చూడండి.

---

తాడిపత్రి_చీనీతోట రాసినది (సాయంత్రం 4:30)

చూస్తాను సార్. మోటరు కొట్టం గోడ మీద సున్నం కొట్టి బొగ్గుతో రాసిపెట్టినా, ఎరువు ఆపినాక ఏ వాల్వుకు ఎన్ని నిమిషాలు ఉత్త నీళ్ళు పోవాలో. 1 వాల్వు 30. 2, 3 వాల్వులకు మెయిన్ పొడవు దాదాపు అంతే కాబట్టి వాటికీ 30. 4 వ వాల్వు దూరం, మెయిన్ 460 మీటర్లు, 1,771 లీటర్లు, 128 తో భాగిస్తే 13.8, తక్కినవి కలిపితే 28, అందుకని 35 రాసినా. కరెంటు ఉండే తొమ్మిది గంటల్లో నాలుగు వాల్వులూ అయిపోతాయి.

---

గుంటూరు_రిటైర్డ్_ఏఈ రాసినది (సాయంత్రం 5:10)

4 వ వాల్వు కింద 180 చెట్లే కదండి, మొత్తం 900 లో మూడు వాల్వులకి 720 పోగా? అయితే నిమిషానికి 128 కాదు, 96 లీటర్లే నడుస్తాయి. 1,771 ని 96 తో భాగిస్తే మెయిన్‌కే 18.4 నిమిషాలు. సబ్ మెయిన్ మీద లేటరల్స్ 15 కాబట్టి అక్కడ 8.5, లేటరల్ 5.2. మొత్తం 32. చెట్లు తక్కువ కాబట్టి తొందరగా అయిపోతుంది అనిపిస్తుంది, కానీ లాగే చెట్లు తగ్గితే మెయిన్‌లో నీళ్ళు నిదానంగా నడుస్తాయి.

---

తాడిపత్రి_చీనీతోట రాసినది (సాయంత్రం 5:25)

అవును సార్, 180 చెట్లే, 15 లేటరల్సే. 35 తుడిచేసి 40 రాసినా.